ఫిగ్ బౌల్ రోజున ఓజెల్లా సెలవు

అమెరికా దక్షిణాన పోర్ట్ హారియెట్ అనే ఊరి చర్చి హాల్లో ఇప్పుడు ఓజెల్లా ప్రూయిట్ ఫొటో ఒకటి వేలాడుతోంది. దాని కింద నాలుగు బరువైన మాటలు రాశారు. చరిత్ర, త్యాగం, జాతి, దేవుని కృప, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. రాసినవాళ్ళు మంచివాళ్ళే కానీ ఆమెను ఎరగరు. ఆమెనే అడిగి ఉంటే, ఆ రోజు నా సెలవు పోయింది అని చెప్పి ఊరుకునేది. అంతకు మించి మాట్లాడే ఓపిక ఆమెకు ఏనాడూ లేదు.

ఓజెల్లా బట్టలుతికి బతికింది. రైలు పట్టాలకు ఇవతల నల్లవాళ్ళ వీధిలో ఆమె ఇల్లు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో రెండు తొట్లు, బట్టలు ఉడకబెట్టే నల్లటి ఇనుప గంగాళం. సోమవారం పట్టాలకు అవతలి ఇళ్ళ నుంచి మూటలు వచ్చేవి. ఉడకబెట్టడం, రుద్దడం, జాడించడం, నీలిమందు, గంజి, ఇస్త్రీ అయ్యేసరికి శనివారం పొద్దుగూకేది. ఆదివారం పొద్దున్నే తన వీధివాళ్ళు తలుపు తట్టేవాళ్ళు, చర్చికి తొడుక్కోవాల్సిన చొక్కా మీద ఒక్కసారి ఇస్త్రీపెట్టె తిప్పి ఇమ్మని. క్రిస్మస్ వస్తే తెల్లవాళ్ళ టేబుల్ గుడ్డలు, ఈస్టర్ వస్తే పిల్లల గౌన్లు. దేవుడు పుట్టినా లేచినా ఓజెల్లాకు ఒక మూట పెరిగేది, అంతే.

జనవరి ఒకటిన మాత్రం ఎవరూ వచ్చేవాళ్ళు కారు. కొత్త సంవత్సరం మొదటిరోజున బట్టలుతికితే ఇంట్లో ఒక మనిషిని ఉతికి పారబోసినట్టేనని, ఏడాది తిరక్కుండా ఆ మనిషి పోతుందని అక్కడి నమ్మకం. నల్లవాళ్ళ చేతుల్లో పెరిగారు గనక తెల్లవాళ్ళ ఆడవాళ్ళకూ ఆ భయం పాలతోనే పట్టింది. అందుకని ఆ రోజు గంగాళం కింద మంట ఉండేది కాదు. ఓజెల్లా పంది దవడ మాంసం వేసి బొబ్బర్లు ఉడికించి, ఆకుకూర చేసి, మొక్కజొన్న రొట్టె కాల్చి, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఏడాది మొత్తం మీద ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం ఆ రోజే.

నమ్మకం గురించి ఆమెకు సొంత అభిప్రాయం ఒకటి ఉండేది. అక్కతో ఒకసారి అన్నది కూడా.

"ఈ మాట పుట్టించింది ఎవరో నడుం విరిగిన ఆడదే అయ్యుంటుందే అక్కా. సెలవియ్యండి అంటే ఎవరూ ఇవ్వలేదు. చస్తారు జాగ్రత్త అంటే ఇచ్చారు."

ఆ పూట అక్క టెంపీ అన్నం ముట్టలేదు. టెంపీ అన్నీ నమ్మే మనిషి. పిల్లి ఎదురొస్తే నమ్మేది, గుడ్లగూబ అరిస్తే నమ్మేది, పాస్టరుగారు చెప్పినా నమ్మేది. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు, పిల్లలు లేరు. టెంపీకి చెల్లెలు తప్ప, చెల్లెలికి టెంపీ తప్ప రక్తం పంచుకున్న మనిషి లేదు. సెలవు పోయిన ఆ శీతాకాలం టెంపీ కాళ్ళు వాచి, ఆయాసం వచ్చి, వెనక గదిలో మంచం పట్టింది. పడుకునే ఇంటిని నడిపేది.

ఇక ఫిగ్ బౌల్ సంగతి. ఊళ్ళో అత్తిపండ్లను పాకం పట్టి డబ్బాల్లో పెట్టే కంపెనీల వాళ్ళు కలిసి మొదలుపెట్టిన, బంతిని చేత్తో పట్టి పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ ఆట అది. కాలేజీల ఆటల కాలం ముగిశాక, ప్రతి జనవరి ఒకటిన, బాగా ఆడిన రెండు కాలేజీలను పిలిచేవాళ్ళు. బ్యాండు, అత్తిపండ్ల మహారాణి, పూల బండ్లు, ఊరంతా ఒకటే గోల. పంతొమ్మిదివందల నలభై తొమ్మిదిలో తమ దగ్గరి కాలవే టీచర్స్ కాలేజీ మీదికి ఉత్తరాన ఒహాయో నుంచి కెల్లర్ కాలేజీని పిలిచారు. కెల్లర్ జట్టులో ఒక నల్ల కుర్రాడున్నాడు, వెండెల్ మేబ్రీ. ఆ మైదానంలో నల్లవాడు గడ్డి కోశాడు గానీ బంతి పట్టలేదు. అతన్ని ఇంటి దగ్గర వదిలేసి రమ్మని కంపెనీవాళ్ళు అడిగారు. వస్తే అందరం, లేకపోతే లేదు అని కెల్లర్ కుర్రాళ్ళు చేతులెత్తి తీర్మానం చేశారు. చాలా రోజులు గుంజుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. ఆడటానికి సరే, హోటల్లో పడుకోవడానికి కుదరదు.

ఓజెల్లా ఇంట్లో పైన ఒక గది ఉంది. హోటళ్ళలో చోటు దొరకని పాటగాళ్ళు, రైల్వే పోర్టర్లు, తిరుగుడు బోధకులు అందులో దిగేవాళ్ళు. చర్చి సంఘంవాళ్ళు కుర్రాణ్ణి తెచ్చి ఆమె గుమ్మంలో దింపారు.

పొడుగాటి పిల్లాడు, తలుపు దగ్గర వంగి వచ్చేవాడు. మాట తక్కువ. వచ్చిన రోజు నుంచీ వీధి అతన్ని పురిటి బిడ్డను చూసినట్టు చూడటానికి వచ్చింది. కేకులు తెచ్చారు, చేతులు పట్టుకున్నారు, కొందరు ఏడ్చారు. నువ్వే మొదటివాడివి నాయనా, నువ్వే మొదటివాడివి అన్నారు. అలా వచ్చిన ప్రతివాళ్ళకూ అతను లేచి నిలబడేవాడు. రెండో రోజు సాయంత్రం ఓజెల్లా షెడ్డులోకి వెళితే తొట్ల వెనక పీట మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కనిపించాడు.

"పిన్నీ, ఇక్కడ కాసేపు కూర్చోనా?"

"కూర్చో. ఇక్కడికెవరూ రారు. వస్తే పని చెప్తానని భయం."

"మీరు నాకు చెప్తారా?"

"నువ్వు మొదటివాడివిగా. మొదటివాళ్ళకి పని చెప్పకూడదంట."

అతను నవ్వాడు. ఆ ఇంట్లో అతను నవ్వడం ఆమె చూడటం అదే మొదలు. ఆమె దుప్పట్లు పిండుకుంది, అతను కళ్ళు మూసుకున్నాడు.

డిసెంబరు ఆఖరి రోజున జోరున వాన. ఆ వానలోనే పత్రికలవాళ్ళ కోసం కెల్లర్ జట్టు ఆట దుస్తులు వేసుకుని, మైదానంలో పడి దొర్లి, ఫొటోలు దిగింది. తడిసిన దుస్తులన్నీ పెట్టెలో వేసి హోటల్ లాండ్రీకి పంపారు. తెల్లారేసరికి అన్నీ ఉతికి మడతపెట్టి వెనక్కు వచ్చాయి, ఒక్క సెట్టు తప్ప.

టెంపీకి ఇంకో నమ్మకం ఉంది. ఏడాదిలో మొట్టమొదట గడప దాటేది మగవాడై ఉండాలి, చేతిలో ఏదన్నా మంచి వస్తువు ఉండాలి. అదే ఏడాదంతా ఇంట్లోకి వస్తూ ఉంటుందట. నారింజపండు పట్టుకుని పొద్దున్నే రమ్మని చర్చి పెద్ద డీకన్ ఐసమ్‌కు ముందే చెప్పి పెట్టింది. ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు చప్పుడయ్యింది. ఓజెల్లా వెళ్ళి తీసింది.

"డీకనేనా?" మంచం మీంచి టెంపీ అరిచింది.

"కాదు. తెల్లాయన."

"తెల్లాయనా? ఐసమ్ ఏమయ్యాడు?"

"లేవలేదేమో."

"సర్లే, మగాడేగా?"

"మగాడే."

"చేతిలో ఏమన్నా ఉందా?"

ఓజెల్లా చూసింది. "ఉంది. మాసిన బట్టలు."

వెనక గదిలోంచి నీరసంగా వినిపించింది. "తలుపెయ్యవే."

అప్పటికే అతను లోపలికి అడుగు పెట్టేశాడు. క్రాల్ అని, కెల్లర్ జట్టు సామాన్లు చూసే ముసలాయన. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతిలో కాగితం సంచి, అడుగు తడిసి బురదనీళ్ళు కారుతున్నాయి.

"అమ్మా, వెండెల్ బట్టలివి. హోటల్‌వాళ్ళు ఉతకలేదు. అడిగితే, హోటల్లో దిగినవాళ్ళవే ఉతుకుతాం అన్నారు. చాలా మర్యాదగా అన్నారు."

"వాళ్ళకి మర్యాద బానే ఉంటుంది," అన్నది ఓజెల్లా. "ఇంకోటి లేదా?"

"ప్యాంటు వేరేది ఉంది. చొక్కా పన్నెండో నంబరుది ఒకటే ఉంది. పదేళ్ళ పిల్లాడికి సరిపోతుంది. నేనే మీ తొట్టిలో ఉతుకుదును గానీ, పెట్టెలు తీసుకుని వెంటనే మైదానానికి పోవాలి. మీరు ఈ పనే చేస్తారని విన్నాను."

చేస్తాను, ఇవాళ తప్ప. ఆ మాట అతనికి చెప్పి ప్రయోజనం లేదని ఆమెకు తెలుసు. ఒహాయో తెల్లవాడికి ఇదంతా ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? సంచి అందుకుని బల్ల మీద పెట్టింది. అతను బతికిపోయినవాడిలా మెట్లు దిగి వెళ్ళాడు.

అతను మలుపు తిరిగేలోపే సంఘంవాళ్ళు దిగారు. పాస్టర్ హాస్క్యూ, నల్ల కోటు, చేతిలో బైబిలు. ఆయన పక్కన మిసెస్ ఆర్సెనో, బడి పంతులమ్మ, మహిళా సంఘం అధ్యక్షురాలు, చేతిలో చిలగడదుంప కేకు. వాళ్ళ వెనక నారింజపండు పట్టుకుని డీకన్ ఐసమ్. కుర్రాణ్ణి కారులో ఊరేగింపుగా మైదానానికి తీసుకెళ్ళాలని వచ్చారు. బల్ల మీది సంచిని చూశారు. మిసెస్ ఆర్సెనో రెండు వేళ్ళతో ఆట చొక్కాను, ఆ జెర్సీని, బయటికి లాగింది. ఒకప్పుడు తెల్లది. ఎర్రటి ముప్పై నాలుగు అంకె మట్టిలో ఎక్కడో ఉంది.

మెట్ల మీంచి వెండెల్ దిగి వచ్చాడు. "అలాగే వేసుకుంటానండీ. పది నిమిషాలు ఆడితే అందరివీ ఇలాగే ఉంటాయి."

"ఆడి మట్టి కొట్టుకుపోవడం వేరు బాబూ, మట్టితో రావడం వేరు," అన్నది పంతులమ్మ. "స్టేడియం అంతా నీ మీదే కళ్ళు పెట్టుకుంటుంది. వాళ్ళు వెతికేదే మురికి. మనమే చేతికిచ్చి పంపుదామా?"

ఆమె చెప్పింది నిజం. అది నిజం కావడమే ఓజెల్లా ఒళ్ళు మండించింది.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "సిస్టర్ ఓజెల్లా, దేవుడు ఒక్కో చేతిని ఒక్కో గడియ కోసం సిద్ధం చేస్తాడు. ముప్పై ఏళ్ళుగా నీ చేతుల్ని..."

"ఇవాళ ఒకటో తారీఖు పాస్టరుగారూ."

"తెలుసు. కానీ అవన్నీ మూఢనమ్మకాలు. విశ్వాసులం మనం అలాంటివి పట్టించుకోం."

"సంతోషం. తొట్టి షెడ్డులో ఉంది, సబ్బు గూట్లో ఉంది. నీళ్ళు నేను తోడిస్తా."

పాస్టరుగారు బైబిలు చేయి మార్చుకున్నారు. "నాకేమీ పట్టింపు లేదమ్మా. మా అమ్మ ఉంది చూశావూ, ఎనభై దాటింది. ఆమెకు తెలిస్తే ఆ బాధతోనే..."

"మిసెస్ ఆర్సెనో?"

"నాకు ముగ్గురు పిల్లలు ఓజెల్లా." ఆమె కొంచెం సిగ్గుపడింది, అంతవరకు ఆమె నయం. "నమ్మి కాదు. కానీ ముగ్గురు."

"డీకన్‌గారూ?"

ఐసమ్ నారింజపండును చూసుకున్నాడు. "మా ఆవిడ ఊరుకోదు. నా మీద కోపమొచ్చి నన్నే పారబోసుకోవాలని చూస్తున్నావా అంటది."

"ఎన్నాళ్ళనించో చూస్తున్నాడులే," అని వెనక గది పలికింది.

చరిత్రకు చొక్కా కావాలి. ఉతకడానికి మాత్రం మనుషులు లేరు. వీధి మొత్తం పిలిచినా ఇంతే అవుతుందని ఓజెల్లాకు తెలుసు. ఎవరింట్లో లేరు ముసలివాళ్ళు, పసివాళ్ళు? వాళ్ళ మీద ఆమెకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కొంత బలం ఉండాలి. పొయ్యి మీద బొబ్బర్లు ఉడుకుతున్నాయి. వసారాలో కుర్చీ వేసి ఉంది, నిన్నే దులిపి పెట్టుకుంది.

"నేను ఉతుక్కుంటాను," అని వెండెల్ జెర్సీ తీసుకుని పెరటివైపు నడిచాడు.

ఓజెల్లా కిటికీలోంచి చూసింది. అతను తొట్టిలో నీళ్ళు పోశాడు. చొక్కా చేతులు మడిచాడు. జెర్సీని నీళ్ళ మీదికి తెచ్చాడు.

"ఏయ్ అబ్బాయ్," వెనక గది కిటికీ షెడ్డువైపే ఉంది, టెంపీ అక్కణ్ణించి పిలిచింది. "మీ అమ్మ ఉందా?"

"ఉందండీ."

"ఇంకా?"

"తమ్ముడు, ముగ్గురు చెల్లెళ్ళు. నానమ్మ."

"నానమ్మది ఏ ఊరు?"

"ఈ దక్షిణంలోనే, జార్జియాలో పుట్టిందండీ."

"అయితే ఆమె నీకు చెప్పే ఉంటుంది."

వెండెల్ కదల్లేదు. ఒహాయోలోనూ వాళ్ళమ్మ జనవరి ఒకటిన ఉతికే తొట్టిని బోర్లించి పెట్టేదని తర్వాత చెప్పాడు. అతని పక్కన ఆడిన కుర్రాళ్ళు చేతులెత్తి అతన్ని ఇక్కడిదాకా తెచ్చారు. వేలమంది తెల్లవాళ్ళ మధ్యకి నడిచి వెళ్ళడానికి అతను భయపడలేదు. కానీ నీళ్ళలో వేళ్ళు ముంచినవాడు వెనక్కి తీసి, ప్యాంటుకు తుడుచుకుని, అలాగే నిలబడిపోయాడు.

ఆ తుడుచుకోవడం చూసి ఓజెల్లా ఆప్రాన్ కట్టుకుంది. చరిత్ర కోసం కాదు, సంఘం కోసం కాదు. ఆ వయసు పిల్లాడు చెల్లెళ్ళ పేర్లు ఒక్కొక్కటే తల్చుకుంటూ తొట్టి ముందు నిలబడటం ఆమె చూడలేకపోయింది.

"తప్పుకో," అన్నది.

"పిన్నీ, మీ అక్క..."

"మా అక్క సంగతి నేను చూసుకుంటా. పోయి ఏదన్నా తిను. ఆకలితో పరిగెత్తితే పడతావు."

ఎర్ర రంగు వదలకుండా చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టింది. మట్టి కింద మట్టి వచ్చింది. రుద్దే పలక మీద ఆమె వేళ్ళ కణుపులు పాత నొప్పిని వెంటనే గుర్తుపట్టాయి. ఆ చప్పుడు వీధిలో అందరికీ తెలిసిన చప్పుడే కానీ ఆ తారీఖున ఎవరూ విని ఎరగరు. పక్కింటి కిటికీ తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది.

"ఓజెల్లా." టెంపీ గొంతులో ఈసారి అరుపు లేదు. "ఉతుకుతున్నావా?"

"ఉతుకుతున్నా."

"నాకు నువ్వు కాక ఎవరున్నారే? నీకు నేను కాక ఎవరున్నారు?"

"తెలుసక్కా."

"తెలిసే ఉతుకుతున్నావా?"

ఓజెల్లా చేతులు ఆగాయి. నురగ మోచేతుల దాకా ఉంది. నాకు ఆ నమ్మకం లేదక్కా అనవచ్చు. కానీ తొట్టి ముందు నిలబడి చూస్తే ఆ మాట అంత గట్టిగా రాలేదు. నడుం విరిగిన ఆడదెవరో కట్టిన కథ అనుకుంది ఇన్నాళ్ళూ. కాకపోతే?

"నువ్వు కావాలంటే లేచొచ్చి ఉతుకు. అప్పుడు పోయేది నేను."

"నువ్వు పోతే నాకు గంజి ఎవరు కాస్తారు?" అన్నది టెంపీ ఒళ్ళు మండి. ఆ పూటకు అదే ఆమె ఆఖరి మాట. కిటికీ రెక్క మూసేసుకుంది.

ఓజెల్లా జాడించింది, పిండింది. దండెం మీద ఆరే టైము లేదు. పొయ్యి మీద ఇస్త్రీపెట్టెలు కాచి, ఒకటి చల్లారితే ఇంకొకటి అందుకుంటూ, తడి జెర్సీని ఆవిరి కక్కించి ఆరబెట్టింది. చేయి అలవాటుగా గంజి కూడా పెట్టింది. పంతులమ్మ ఆ తెల్లటి గుడ్డను రెండు చేతుల మీద పసిపాపలా అందుకుని ఏదో అనబోయింది.

"కారు ఎక్కండి," అన్నది ఓజెల్లా. "బొబ్బర్లు మాడుతున్నాయి."

ఆట చూడటానికి ఆమెకు టికెట్టు ఇచ్చారు, నల్లవాళ్ళ చివరి వరసల్లో. వెళ్ళలేదు. అక్క గది తలుపు దగ్గర పళ్ళెం పెట్టి, రేడియో కిటికీ వైపు తిప్పి, కుర్చీలో కూర్చుంది. లోపల టెంపీ ఊపిరి వినిపిస్తోందా లేదా అని మధ్యమధ్యలో రేడియో గొంతు తగ్గించేది.

రేడియోలో వ్యాఖ్యాత వెండెల్ పేరు పలకలేదు. ముప్పై నాలుగు అన్నాడు. ముప్పై నాలుగు మైదానంలోకి వచ్చినప్పుడు జనం చేసిన చప్పుడు ఏమిటో రేడియోలో తేలలేదు, ఈలలో, అరుపులో, గాలో. ఆట మొదలవగానే కాలవేవాళ్ళు ముగ్గురు అతని మీద పడ్డారు. లేచాడు. మళ్ళీ పడ్డారు. రెండో భాగంలో కెల్లర్ కుర్రాడెవరో విసిరిన బంతిని ఎగిరి పట్టుకుని, ఇద్దర్ని తప్పించుకుని, దాటితే పాయింట్లు వచ్చే గీతకు గజం దూరంలో బురదలో మునిగాడు. ఆ గజం తర్వాత ఇంకెవరో దాటారు. కాలవే కూడా అన్నే పాయింట్లు చేసింది. పొద్దు వాలేసరికి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. అంత గొడవపడి తెచ్చుకున్న ఆట సమానంగా ముగిసింది.

మధ్యలో ఒకసారి వ్యాఖ్యాత నవ్వుతూ అన్నాడు, ఈ బురదలో ఎవరెవరో తెలియడం లేదండీ, అందరిదీ ఒకటే రంగు అయిపోయింది అని. ఈ మాటను చర్చి హాల్లో ఫొటో కింద కూడా రాశారు, ఏదో దైవవాక్యంలాగా.

ఓజెల్లా ఆ మాట విని రేడియోతోనే అన్నది. "పొద్దున చెప్పి ఏడిస్తే నా చేతులకు పని తప్పేది."

సాయంత్రం పెట్టె తీసుకోవడానికి వెండెల్ వచ్చాడు. రైలుకు ఇంకా వేళ ఉంది. కుడి కన్ను వాచి మూసుకుపోయింది. వీధిలో జనం ఉన్నారని పెరటి దారిన వచ్చి షెడ్డులో పీట మీద కూర్చున్నాడు. ఆమె పళ్ళెంలో బొబ్బర్లు, రొట్టె పెట్టి ఇచ్చింది.

"మాట్లాడారా?" అన్నాడు టెంపీ గది కిటికీ వైపు చూపించి.

"లేదు. పళ్ళెం మాత్రం ఖాళీ అయింది."

"నేను ఉతుక్కుని ఉండాల్సింది."

"నీకు అమ్మ ఉంది. తిను."

తిన్నాడు. "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా పిన్నీ, మొదటివాడంటే?"

"నాకేం తెలుసు. నేనెప్పుడూ మూటల్లో చివరిదాని కోసమే చూసుకున్నా."

కారు హారను కొట్టింది. అతను పళ్ళెం తొట్టి అంచు మీద పెట్టి, వంగి, తలుపులోంచి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత ఫొటో ఆవిష్కరణకు పిలిస్తే, నడుం నొప్పి, రాలేను అని కబురు చేశాడు. సంఘంవాళ్ళు నొచ్చుకున్నారు.

టెంపీ చావలేదు. ఈస్టర్ దాకా చెల్లెలితో సరిగ్గా మాట్లాడకపోయినా, కోపం ఒంటికి పట్టిందో ఏమో, కాళ్ళ వాపు తీసింది. ఎండాకాలానికి కర్ర పట్టుకుని చర్చికి నడిచింది. వీధి ఆమెను రోజూ కనిపెట్టి చూసింది. ఏడాది తిరిగింది. మనిషి నిక్షేపంగా ఉంది.

అక్కడ వచ్చింది అసలు చిక్కు. మరుసటి ఏడు జనవరి ఒకటిన, బొబ్బర్లు ఇంకా పొయ్యి మీద ఉండగానే, పట్టాలకు అవతలి డాక్టరుగారి డ్రైవరు మూట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రి విందుకు వేసిన టేబుల్ గుడ్డలు, వాటి మీద ద్రాక్షసారా మరకలు.

"ఇవాళా?" అన్నది ఓజెల్లా.

"మీకు ఆ పట్టింపు లేదంటగా అత్తా. నిరుడు ఉతికారంట, ఏం కాలేదంట. రేపటికి మరక పట్టేస్తుందని మా అమ్మగారు పంపించింది."

డ్రైవరు తప్పేమీ లేదు. అతని వెనక వీధిలో ఇంకో మనిషి మూటతో రావడం కనిపిస్తోంది. చరిత్ర తలుపు తెరిచిందని మిసెస్ ఆర్సెనో సభల్లో చెబుతూ ఉండేది. తెరిచిన తలుపులోంచి ముందుగా వచ్చినవి మాసిన గుడ్డలు. ఓజెల్లా కాదనడానికి నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? నాకు అలసటగా ఉంది అంటే ఆ పట్టాల అవతల ఎవరు విన్నారు గనక? చేయి చాచబోయింది.

వసారాలో కర్ర పక్కన పెట్టుకుని బఠానీలు ఒలుస్తున్న టెంపీ లేచింది. మాట్లాడకుండా లోపలికి నడిచింది. మంచం కిర్రుమంది. ఆ తర్వాత వెనక గదిలోంచి ఒక మూలుగు వచ్చింది, పొడుగ్గా, అట్టడుగు నుంచి.

డ్రైవరు అడుగు వెనక్కి వేశాడు. "ఎవరది?"

"మా అక్క," అన్నది ఓజెల్లా. ఆమెకే ఒక క్షణం గుండె జారింది.

"ఇప్పుడే కదా ఇక్కడ..."

"నిరుడు ఉతికింది," అని గది పలికింది, మాటకూ మాటకూ మధ్య ఆయాసం. "నిరుడు బానే ఉండేదాన్ని. చూడు నాయనా. చూడు ఏం చేసిందో. మీ అమ్మగారికి చెప్పు. పిల్లలున్న ఇల్లు."

డ్రైవరు మూట ఎత్తుకుని వెళ్ళాడు. దారిలో రెండో మనిషిని ఆపి ఏదో చెప్పాడు. అతనూ వెనక్కి తిరిగాడు.

వీధి ఖాళీ అయ్యాక టెంపీ బయటికి వచ్చి, పళ్ళెం తీసుకుని, గరిటెతో బొబ్బర్లు వడ్డించుకుంది. ఒక ముద్ద తిన్నది.

"ఉప్పు ఎక్కువైంది," అన్నది.

ఓజెల్లా కుర్చీలో కూర్చుంది. థాంక్స్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు.

అప్పటినుంచి ప్రతి జనవరి ఒకటిన టెంపీ చావుబతుకుల్లో ఉండేది. పనితనం ఏటేటా పెరిగింది. ఒక ఏడు నుదుటి మీద తడిగుడ్డ వేసుకుంది. ఒక ఏడు పాస్టరుగారిని పిలిపించి ప్రార్థన చేయించుకుంది, ఆయన నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇంకో ఏడు ఆఖరి మాటలు కూడా చెప్పింది, అందులో డీకన్ ఐసమ్‌కు పెట్టిన శాపం ఒకటి, నారింజపండు వేళకు తేనందుకు. ఎవరూ మూట దించలేదు. సాయంత్రానికి లేచి, తిని, ఉప్పు ఎక్కువైందనేది.

నిజంగా పోయింది ఒక ఆగస్టులో, మంగళవారం, గంగాళం మసులుతున్న వేళ. మూలగలేదు. ఓజెల్లా గంజి పట్టుకెళ్ళేసరికి అయిపోయింది.

వీధి లెక్క కట్టుకుంది. ఎన్నో ఏళ్ళు ఆలస్యమైనా, అది ఆ ఉతుకుడు వల్లేనని తేల్చింది. మూఢనమ్మకాలు పట్టించుకోని పాస్టరుగారు సమాధి దగ్గర ఆ మాట విని కాదనలేదు. ఓజెల్లా కూడా కాదనలేదు. కాదంటే టెంపీ అన్నేళ్ళు పడిన పాట్లు వృథా.

ఆ వచ్చిన జనవరి ఒకటిన ఎవరూ రాలేదు. ఇకముందు కూడా రారని ఆమెకు తెలుసు. డబ్బాల కంపెనీలు మూతపడి, ఫిగ్ బౌల్ కూడా ఆగిపోయింది కనుక రేడియోలో వేరే ఊళ్ళ ఆటలేవో వస్తున్నాయి. ఓజెల్లా అలవాటుగా ఇద్దరికి సరిపడా వండింది. కుర్చీ దులిపి కూర్చుంది. వీధి నిశ్శబ్దంగా ఉంది. రోజు మొత్తం ఆమెదే.

మధ్యాహ్నానికి లేచి, పళ్ళెంలో కాసిని బొబ్బర్లు వేసుకుని రుచి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.